తొమ్మిదో సంపుటం

థండర్ బేలో నవంబరు వచ్చిందంటే
నాలుగున్నరకే వీధి దీపాలు.
మా బ్రాంచి లైబ్రరీలో హీటరు బుసకొడుతుంటుంది.
నేను కౌంటరు వెనక కూర్చుని
వాపసొచ్చిన పుస్తకాల్లోంచి
బస్సు టికెట్లూ చాక్లెట్ రేకులూ ఏరుతుంటాను.

రైమో కంగస్ మంచు తోసే బండి నడుపుతాడు.
అరవై రెండేళ్లు. తొలిసారి మాంగా తీసుకెళ్లి
మర్నాడే తెచ్చి బల్లమీద కొట్టినంత పని చేశాడు.
"మొదటి పేజీలోనే ముసలాయన చచ్చిపోయాడు,
ఆఖరి పేజీలో పుట్టినరోజు చేసుకుంటున్నాడు.
ఇదేం కథ?"
పుస్తకం తిప్పి పెట్టాను.
ఇది కుడివైపు నుంచి మొదలవుతుందండీ.
కాసేపు అటూ ఇటూ చూసి
"ఓహో, మా బండి లాగానే.
ఈ వారన పోయి ఆ వారన రావడం" అన్నాడు.
సాలు తిరిగిన ఎద్దులా తల వంచి
ఒక చేతి తొడుగు మాత్రం తీసి
అక్కడే నిలబడి మళ్లీ చదివాడు.

కొండ ఊళ్లో గంటలు పోతపోసే పిల్ల కథ అది.
పద్నాలుగు సంపుటాలు. మా దగ్గర పదమూడు.
ఎనిమిదో దాని ఆఖరి బొమ్మలో
మూస ఒరిగి కాగిన కంచు ఒలకబోతుంటుంది,
పిల్ల చెయ్యి చాపి ఉంటుంది.
పదో దాని మొదటి బొమ్మలో
గంట మోగుతోంది. ఆమె ఎడమ చేతికి కట్టు.
తొమ్మిదోది
సెప్టెంబరులో ఎవరో తీసుకెళ్లారు.
అంతే.

దానికోసం పేరు రాయించుకున్నవాళ్లు ఇద్దరు.
ముందు టెస్సా మీకిస్, తర్వాత రైమో.
పిన్ని షిఫ్టు దిగేదాకా టెస్సా ఇక్కడే ఉంటుంది.
యానిమేలో దొరుకుతుందేమోనని డీవీడీ తీసుకెళ్లింది,
ప్లేయరు కూడా మేమే అరువిచ్చాం.
సరిగ్గా కంచు ఒలికే చోట డిస్కు మీద గీత.
చాపిన చెయ్యి రంగు గళ్లుగా చెదిరి,
ఆ పైన తిన్నగా పాట.
డ్రైడెన్ లైబ్రరీని అడిగాను. వాళ్లదీ పోయిందట.
తొమ్మిదోవాటికే కాళ్లొస్తాయి కాబోలు.

శుక్రవారాలు కిటికీ పక్క బల్ల దగ్గర పంచాయితీ.
"పక్కవాణ్ణి నెట్టేసి తను పట్టుకుంది, కాలింది" అంటుంది టెస్సా.
"కాలనేలేదు" అంటాడు రైమో.
"గంట సరిగ్గా కుదరలేదు. ఆ మాట చెప్పలేక కట్టు కట్టుకుంది."
"అలా ఎవరు చేస్తారు?"
"నేను చేశాను" అన్నాడు.
ఏ పని, ఏ ఏడు, చెప్పలేదు.
పదోది ఇద్దరూ ముట్టుకోలేదు ఆ చలికాలమంతా.

ఏప్రిల్లో కార్ల స్థలం మూలన
నల్లబడిన మంచుగుట్ట చివికి నీళ్లు కారుతుంటే
పూరీలా ఉబ్బిన పుస్తకం ఒకటి బయటపడింది.
అట్ట మీద మా ముద్ర, వెన్ను మీద తొమ్మిది.
వాపసు పెట్టె మూత గడ్డకట్టిన రాత్రి
ఎవరో పాపం దాని నెత్తిన పెట్టి పోయుంటారు.
రైమో టోపీ తీసి నిలబడ్డాడు.
"ఈ గుట్ట నాది" అన్నాడు. "డిసెంబరంతా నేనే తోశాను."

కంప్యూటరులో ఆ ముఖం తెలియని మనిషి పేరు పక్కన
'పోగొట్టారు' అన్న మాట చెరిపేశాను.
అన్నిటికన్నా ముందు అదే చేశాను.
తడిసిన పుస్తకం ఎవరికీ ఇవ్వకూడదని రూలు,
'తొలగించబడినది' అని ముద్ర కొట్టి
టెస్సా చేతిలో పెట్టాను.

హీటరు మీద ఆరబెట్టి, స్కేలు అంచుతో
ఒక్కో పేజీ విడదీసింది.
సిరా మసక, బురద వాసన.
నడిమి నాలుగు పేజీలు మాత్రం
ఒకదాన్నొకటి వదల్లేదు.
"కత్తి పెడదామా?" అన్నాడు రైమో.
ఆ దళసరిని వేళ్లతో తడిమి చూసి
వద్దంది.

పదోది ఎవరి పేరు మీద రాయమంటారు, అనడిగాను.
"ముందు ఆయనకే ఇవ్వండి" అంది టెస్సా,
"ఈసారైనా సరైన వైపు నుంచి తెరుస్తాడేమో చూస్తాను."